పొగమంచును పొగ అనుకుంటే: మెషీన్ లెర్నింగ్, తర్కం కలిసే అతుకు దగ్గర ఏం జరుగుతుంది

2018 మార్చి 18, రాత్రి పది కావస్తోంది. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో టెంపీ అనే ఊరు. ఊబర్ పరీక్షిస్తున్న ఒక సెల్ఫ్ డ్రైవింగ్ కారు గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ఒకావిడ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. కారు ఆమెను గుద్దింది, ఆమె చనిపోయింది. ఈ వార్త అప్పట్లో చాలామంది చదివే ఉంటారు. అంతగా బయటికి రాని విషయం ఏంటంటే, కారు ఆమెను చూసింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ ఆమెను పట్టింది. ఆ వేగంలో 5.6 సెకన్లంటే దాదాపు 110 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే ముప్పై మీటర్లలోపే ఆగిపోవచ్చు.

మరి ఎందుకు ఆగలేదు? ఎన్‌టీఎస్‌బీ అనే అమెరికా రవాణా భద్రతా సంస్థ విచారణలో తేలింది ఇది. కారు ముందు ఆమెను వాహనం అనుకుంది, తర్వాత "ఇతర వస్తువు" అనుకుంది, మళ్ళీ వాహనం, మళ్ళీ ఇతర వస్తువు, చివర్లో సైకిల్. పేరు మార్చిన ప్రతిసారీ, అప్పటిదాకా ఆ వస్తువు ఎటు నుంచి ఎటు కదిలిందో రాసుకున్న లెక్కంతా పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "ఇతర వస్తువు" అన్నప్పుడల్లా అది కదలదని లెక్కేసుకుంది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ డిజైన్‌లో లేదు. గుద్దడం తప్పదని తేలిన క్షణంలో కూడా, ఉత్తుత్తి హెచ్చరికలకు బ్రేకులు పడకూడదని పెట్టిన ఇంకో రూల్ వల్ల ఒక సెకను ఊరికే ఆగింది. సీట్లో ఉన్న ఉద్యోగి రోడ్డు చూడకపోవడమే ప్రధాన కారణమని సంస్థ చెప్పింది, కంపెనీ భద్రతా పద్ధతులు సరిగ్గా లేవని కూడా గట్టిగానే చెప్పింది.

ఇక్కడ తప్పు ఎవరిది, ఉదాహరణలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్‌దా (దీన్నే నెట్‌వర్క్ అంటారు), మనుషులు రాసిన రూల్స్‌దా? నెట్‌వర్క్ ఏదో ఉందని పట్టింది. రూల్స్ ఎలా రాశారో అలాగే పనిచేశాయి. రెండూ ఎవరి పని వాళ్ళు చేశాయి, మనిషి చనిపోయింది. నా ఉద్దేశంలో అసలు సమస్య ఆ రెండింటినీ కలిపి కుట్టిన అతుకు దగ్గర ఉంది, ఈ వ్యాసమంతా ఆ అతుకు గురించే.

ఇప్పుడు ఈ గొడవ ఎందుకంటే, సొంతంగా నిర్ణయాలు తీసుకునే సిస్టమ్‌లు కార్లతో ఆగట్లేదు. చాట్‌బాట్‌లకు చేతులు కూడా ఇచ్చి ఏజెంట్లు అంటున్నారు, టికెట్లు బుక్ చేయడం, బిల్లులు కట్టడం లాంటివి వాటికి అప్పగిస్తున్నారు. అవి అప్పుడప్పుడూ లేనిపోనివి చెబుతాయి కాబట్టి, దానికి మందుగా "న్యూరో-సింబాలిక్", అంటే నేర్చుకునే నెట్‌వర్క్‌ను రాసిన తర్కంతో కలపడం, అనే మాట బాగా వినిపిస్తోంది.

రెండు రకాల తెలివి

మెషీన్ లెర్నింగ్ అంటే ఉదాహరణలు చూపించి నేర్పడం. లక్షల ఫొటోలు చూపించి ఇది ఆటో, ఇది గేదె అని చెబుతూ పోతే, కొత్త ఫొటో చూపించినప్పుడు తనంతట తనే చెబుతుంది. ఆటో అంటే ఏంటో మనం నిర్వచించక్కర్లేదు, అదే దీని బలం. అది మనకు ఇచ్చేది మాత్రం "ఆటో" అనే జవాబు కాదు, "ఆటో 0.83, వ్యాన్ 0.12" లాంటి అంకెలు. ఆ అంకె ఎందుకు వచ్చిందో అడిగితే చెప్పలేదు. నేర్చుకున్నప్పుడు చూడనిది ఎదురైతే తెలియదని ఒప్పుకోకుండా ధీమాగా తప్పు చెప్పడం కూడా దీనికి మామూలే.

తర్కం దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. "సిగ్నల్ ఎర్రగా ఉంటే గీత దాటకూడదు" అని రాస్తాం. ఎప్పుడు అడిగినా అదే జవాబు, ఎందుకో చూపించమంటే మెట్టు మెట్టుగా చూపిస్తుంది. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో తయారైన మైసిన్ అనే ప్రోగ్రామ్ సుమారు 600 రూల్స్‌తో రక్తంలో ఇన్ఫెక్షన్లకు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో సూచించేది, పరీక్షల్లో నిపుణులైన డాక్టర్లకు దీటుగా నిలిచింది, అయినా రోజువారీ వైద్యంలోకి మాత్రం రాలేదు. ఇలాంటి వాటికి ప్రపంచాన్ని చూసే కళ్ళు లేవు. ఎవరో ఒకరు కూర్చుని విషయాలు టైప్ చేసి అందించాలి. పైగా రూల్ రాసినవాళ్ళకు తట్టని పరిస్థితి వస్తే అక్కడితో సరి.

ఒకదానికి కళ్ళున్నాయి, ఇంకోదానికి తీర్పు ఉంది, కలిపేస్తే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడం సబబే. కానీ కలపడం అంటే ఏంటో ఒక పాత ఉదాహరణతో చూద్దాం.

కొండ మీద పొగ

మన తర్కశాస్త్రంలో మొదటి పాఠమే ఇది. కొండ మీద పొగ కనిపిస్తోంది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూశాం కదా. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఇందులో రూల్ "పొగ ఉంటే నిప్పు ఉంటుంది" అన్నది. దాంట్లో తప్పు లేదు. "కొండ మీద పొగ ఉంది" అన్నది కంటితో చూసిన విషయం. ఇప్పుడు ఆ కొండ అరకులో ఉందనుకోండి, తెల్లవారుజామున లోయలోంచి లేచిన మంచును మనం పొగ అనుకున్నాం. రూల్ అలాగే సరిగ్గా ఉంది, దాన్ని వాడిన పద్ధతీ సరైనదే, తీర్పు మాత్రం తప్పు. పాత తార్కికులకు ఈ ప్రమాదం బాగా తెలుసు, మంచును చూసి పొగనుకుని చేసే నిర్ధారణ చెల్లదని వాళ్ళు ప్రత్యేకంగా చెప్పారు.

కంప్యూటర్లో జరిగేది కూడా ఇదే. నెట్‌వర్క్ "పొగ 0.6, మంచు 0.4" అంటుంది. రూల్‌కు 0.6 అంటే ఏంటో తెలియదు, దానికి కావాల్సింది ఉందా లేదా అన్న రెండే రెండు మాటలు. అందుకని మధ్యలో ఎవరో ఒక గీత గీస్తారు, 0.5 దాటితే పొగ ఉన్నట్టే అని. ఆ గీత దాటిన క్షణంలో 0.4 వంతు అనుమానం మాయమైపోతుంది. అవతలి వైపు తర్కానికి అది అనుమానం కాదు, నిజం.

ఆలోచన కొత్తది కాదు

ఈ పేచీని మొదట్లోనే ఎదుర్కొన్నవాళ్ళలో మన రాజ్ రెడ్డి గారు ఒకరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్నారు. 1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన బృందం చేసిన హియర్‌సే అనే ప్రోగ్రామ్ చదరంగం ఎత్తులను మాటల్లో చెబితే అర్థం చేసుకునేది. అప్పటి కంప్యూటర్లతో మాటల శబ్దాన్ని కచ్చితంగా పట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి బోర్డు మీద ఇప్పుడు ఏ ఎత్తులు వేయడానికి కుదురుతుందో, వాటిలో ఏవి వేసే అవకాశం ఎక్కువో అన్న చదరంగం పరిజ్ఞానాన్ని కూడా వాడుకుని, విన్నది ఏమై ఉంటుందో తేల్చేది. విన్నదాని గురించి అనుమానం ఉంటే దాన్ని కొట్టిపారేయకుండా తర్కంతో సంప్రదించడం అన్నమాట. నాకు ఇది చాలా ఇష్టమైన ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ సమాచారం అతుకుకు రెండు వైపులా నడుస్తుంది. కింద నుంచి పైకి "ఇలా వినిపించింది" అని, పై నుంచి కిందికి "అది కుదరదు, మళ్ళీ విను" అని. ఈ రోజు చాలా సిస్టమ్‌లలో మొదటిది ఉంటుంది గానీ రెండోది ఉండదు.

నీళ్ళ ట్యాంకు మోటారుకు కాపలా

కలపడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి షీల్డ్. నేర్చుకున్న ప్రోగ్రామ్ ఏం చేయాలో ప్రతిపాదిస్తుంది, పక్కన ఒక చిన్న తర్కం కాపలా కాస్తుంది, ప్రమాదమనుకుంటే అడ్డుకుంటుంది.

అపార్ట్‌మెంట్ పైనున్న ట్యాంకు తీసుకుందాం. పదివేల లీటర్లు పడుతుంది, మోటారు నిమిషానికి 200 లీటర్లు ఎక్కిస్తుంది. ఎవరు ఎప్పుడు ఎన్ని నీళ్ళు వాడుతున్నారో గమనించి, కరెంటు ఆదా అయ్యేలా మోటారు వేసే ప్రోగ్రామ్ ఒకటి నేర్పాం, అది రెండేసి నిమిషాలకు ఒకసారి నిర్ణయం తీసుకుంటుంది. రూల్ ఒకటే, ట్యాంకు పొంగకూడదు. ఇప్పుడు 9,700 లీటర్లున్నాయి, ప్రోగ్రామ్ ఇంకో రెండు నిమిషాలు వేద్దామంది. అంటే ఇంకో 400 లీటర్లు, మొత్తం 10,100. షీల్డ్ వద్దంటుంది, మోటారు ఆగుతుంది. ఇందులో అందం ఏంటంటే, ప్రోగ్రామ్ ఎంత పిచ్చిగా నేర్చుకున్నా ట్యాంకు పొంగదని కాగితం మీద రుజువు చేయొచ్చు.

ఇప్పుడు నీటి మట్టం చెప్పే సెన్సార్ పాచి పట్టి 9,000 దగ్గర ఇరుక్కుపోయిందనుకోండి. షీల్డ్ లెక్క 9,400, ఇంకా చోటుంది, వేసుకో. మేడ మీద నుంచి నీళ్ళు కారుతుంటాయి, షీల్డ్ మాత్రం తన రూల్ ఒక్కసారి కూడా తప్పలేదు.

కార్లలో ఇలాంటిదే 2017లో ఇజ్రాయెల్‌కు చెందిన మొబిల్‌ఐ పరిశోధకులు ప్రతిపాదించిన ఆర్‌ఎస్‌ఎస్ అనే సూత్రాల వరుస. ముందున్న వాహనానికి ఎంత దూరంలో ఉంటే, అది ఒక్కసారిగా బ్రేక్ వేసినా మనం గుద్దకుండా ఉంటామో లెక్కకట్టి చెబుతుంది. నేనే కొన్ని అంకెలు వేసి చూపిస్తాను. రెండు కార్లూ గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్లు. మన కారు స్పందించడానికి అర సెకను పడుతుంది, ఆ అర సెకనులో కూడా అది సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగం పెంచుతూనే ఉందనుకుందాం. ఆ అర సెకనులో 10.25 మీటర్లు పోతుంది, వేగం 21కి చేరుతుంది. అక్కడి నుంచి సెకనుకు 4 మీటర్ల చొప్పున నెమ్మదిగా వేగం తగ్గిస్తే ఆగేలోపు ఇంకో 55.1 మీటర్లు, మొత్తం 65.4. ముందు కారు గట్టిగా, సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గిస్తే 25 మీటర్లలో ఆగుతుంది. తేడా 40.4 మీటర్లు, అంత దూరం ఎప్పుడూ ఉండాలి.

లెక్క కచ్చితం. కానీ ముందు కారు వేగం 20 అని మనకు చెప్పింది ఎవరు? సెన్సార్లు. నిజంగా దాని వేగం 15 అయితే అది 14 మీటర్లలోనే ఆగిపోతుంది, మనకు కావాల్సిన దూరం 51 మీటర్లు దాటుతుంది. అంటే సూత్రం సరిగ్గా పాటిస్తూనే 11 మీటర్లు తక్కువలో ఉంటాం. ఈ లోపం ప్రతిపాదించినవాళ్ళకు తెలియనిది కాదు, కళ్ళ తప్పులను వేరే లెక్కలో చూసుకోవాలని వాళ్ళూ చెప్పారు. దాన్ని ప్రచారం చేసేటప్పుడు మాత్రం "గణితంతో రుజువైన భద్రత" అన్న ముక్క నిలబడి, ఈ ముక్క జారిపోతూ ఉంటుంది.

ఇంకో దారిలో తర్కాన్ని బయట కాపలా పెట్టకుండా నెట్‌వర్క్ లోపలికే పంపి పరీక్షిస్తారు. పైలట్ లేని విమానాలు ఢీకొనకుండా సలహా ఇచ్చే ఏకాస్ ఎక్స్‌యూ అనే సిస్టమ్‌లో ఏ పరిస్థితిలో ఏ సలహా ఇవ్వాలో చెప్పే రెండు గిగాబైట్లకు పైబడిన పట్టికను 45 చిన్న నెట్‌వర్క్‌లుగా కుదించారు, మూడు మెగాబైట్లలోపే. ఎదురుగా మన వైపే దూసుకొస్తున్న విమానం ఉన్నప్పుడు "ఏం ఫర్వాలేదు" అనే సలహా రాదని, ఒకటో రెండో ఉదాహరణలతో కాకుండా ఆ పరిధిలోని అన్ని అంకెలకూ కలిపి నిరూపించడానికి 2017లో రెలూప్లెక్స్ అనే పద్ధతి వచ్చింది. గొప్ప పని. ఒక్కో నెట్‌వర్క్‌లో న్యూరాన్లు, అంటే లెక్క చేసే చిన్న భాగాలు, 300 మాత్రమే ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది, కోట్ల సంఖ్యలో ఉన్న ఇప్పటి నెట్‌వర్క్‌లకు ఇది అలాగే పనిచేయదు.

మాయమైన అనుమానాన్ని వెనక్కి తేవాలంటే

సరే, గీత గీయడమే తప్పయితే, అంకెను అలాగే పైకి పంపొచ్చు కదా? పంపొచ్చు. రోడ్డు మీద ఏదో ఉంది, నెట్‌వర్క్ "ప్లాస్టిక్ కవర్ 0.7, పాకుతున్న పిల్లాడు 0.3" అంది. గీత 0.5 దగ్గర ఉంటే అది కవరే, పోనిచ్చేస్తుంది. గీతను పక్కన పెట్టి నష్టాన్ని లెక్కేద్దాం. అనవసరంగా బ్రేక్ వేస్తే నష్టం 1, పిల్లాణ్ణి గుద్దితే 1,000 అనుకోండి. పోనిస్తే వచ్చే నష్టం 0.3 ఇంటూ 1,000, అంటే 300. బ్రేక్ వేస్తే 0.7. అసలు ఆలోచించాల్సిన పనే లేదు. 0.3 కాదు, 0.01 ఉన్నా బ్రేకే వేయాలి.

కానీ ఈ లెక్కనే పట్టుకుపోతే ప్రతి కాగితానికీ కారు ఆగుతుంది, వెనకాల వచ్చేవాళ్ళు గుద్దుతారు, అప్పుడు బ్రేక్ నష్టం 1 కాదు. టెంపీ కారులో ఆ ఒక సెకను ఆగే రూల్ పెట్టింది కూడా ఈ భయంతోనే. ఇంకో మెలిక, నెట్‌వర్క్ 0.3 అంటే నిజంగా పదిలో మూడుసార్లు పిల్లాడే ఉంటాడని కాదు, అది దాని లోపలి అంకె, వాస్తవంతో సరిచూసి సర్దకపోతే దాన్ని సంభావ్యత అనుకోకూడదు. మూడో మెలిక గొలుసులది. "మనిషి ఉన్నాడు, కదులుతున్నాడు, మన దారిలోకి వస్తున్నాడు" ఒక్కొక్కటీ 0.9 అయితే మూడూ కలిపి 0.9 ఇంటూ 0.9 ఇంటూ 0.9, అంటే 0.73. ఈ గుణకారం మూడు అంచనాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పితేనే చెల్లుతుంది. జోరు వానలో మూడూ ఒకేసారి తప్పుతాయి. సంభావ్యతను, తర్కాన్ని ఒకే ప్రోగ్రామింగ్ భాషలో పెట్టే డీప్‌ప్రాబ్‌లాగ్ లాంటివి 2018 నుంచి ఉన్నాయి, ఆలోచన బాగుంది, కానీ సెకనులో వందో వంతులో నిర్ణయం కావాల్సిన చోట ఆ లెక్కలు చాలా బరువు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవై అడుగులు

అతుకు మీద నా పట్టుదలకు ఇంకో కారణం 2023 అక్టోబర్ 2 నాటి ఘటన. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరో నడుపుతున్న కారు ఒకామెను గుద్దితే ఆమె ఎగిరి క్రూజ్ కంపెనీ డ్రైవర్‌లెస్ కారు ముందు పడింది. ఆ కారు గట్టిగానే బ్రేక్ వేసింది, అయినా తగిలి ఆగింది. తర్వాత జరిగిందే ఘోరం. పక్క నుంచి ఏదో తగిలిందని అది తేల్చుకుంది. తగిలాక దారికి అడ్డం కాకుండా రోడ్డు పక్కకు వెళ్ళి ఆగాలి అన్నది రూల్, మంచి రూలే, మనమూ అదే చేస్తాం. ఆమె కారు కింద ఉండగానే సుమారు 20 అడుగులు ఈడ్చుకుంటూ పక్కకు వెళ్ళింది. అదే నెల 24న కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ ఆ కంపెనీ డ్రైవర్‌లెస్ పర్మిట్లు ఆపేసింది.

మామూలు డ్రైవర్‌కు ఏం తగిలిందో తెలియకపోతే, కదలకుండా దిగి చూస్తాడు. "ఏం తగిలిందో తెలియదు" అన్నది ఒక జవాబుగా ఆ రూల్ దాకా చేరి ఉంటే, దానికి వేరే రూల్ రాయొచ్చు.

అసలు రూల్స్ ఎందుకు అనేవాళ్ళ మాట

వీళ్ళ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. టెంపీలో చంపింది నేర్చుకున్న భాగం కాదు, మనుషులు రాసిన ఊహలు అంటారు వాళ్ళు. జీబ్రా క్రాసింగ్ దగ్గరే మనుషులు దాటుతారని రాసింది ఎవరు? మధ్యలో పేర్లు, గీతలు అన్నీ తీసేసి, కెమెరా నుంచి స్టీరింగ్ దాకా ఒకే నెట్‌వర్క్ నేర్చుకుంటే అతుకే ఉండదు కదా. టెస్లా తన కార్లను నడిపే ఎఫ్‌ఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్ 12వ వెర్షన్‌లో ఊళ్ళోని రోడ్లమీద నడిపే భాగంలో 3 లక్షలకు పైగా కోడ్ లైన్లు తీసేసి ఒకే నెట్‌వర్క్ పెట్టామంది. చరిత్ర కూడా కొంత వీళ్ళ వైపే ఉంది, మాట గుర్తుపట్టడంలో, బొమ్మ గుర్తుపట్టడంలో చేత్తో రాసిన పరిజ్ఞానాన్ని డేటా, కంప్యూటర్ బలం కలిసి దాటేశాయి.

ఎదుటి పక్షం అడిగేది ఒకటే, రేపు ప్రమాదం జరిగితే ఎక్కడ తప్పిందో ఎలా కనుక్కుంటారు? టెంపీ విచారణ అంత స్పష్టంగా జరిగిందంటే మధ్యలో చదవగలిగే మెట్లు ఉన్నాయి కాబట్టే. అతుకు తీసేస్తే ప్రమాదం తగ్గొచ్చేమో గానీ, కారణం మాత్రం కనిపించకుండా పోతుంది. నేను ఎక్కువగా వీళ్ళ వైపే మొగ్గుతాను, అయితే మొదటివాళ్ళ ప్రశ్నకు పూర్తి జవాబు వీళ్ళ దగ్గర లేదని కూడా ఒప్పుకోవాలి.

లెక్కల్లో ఎందుకు కుదిరింది

కలపడం అద్భుతంగా పనిచేసిన చోట్లు కూడా ఉన్నాయి. 2024 జనవరిలో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాజ్యామెట్రీ అనే ప్రోగ్రామ్ ఒలింపియాడ్ స్థాయి జ్యామితి లెక్కలు 30లో 25 చేసింది. నెట్‌వర్క్ "ఇక్కడ ఒక గీత గీసి చూడు" అని ఊహిస్తుంది, తర్కం ఇంజన్ దాన్నుంచి ఏం వస్తుందో మెట్టు తప్పకుండా తీస్తుంది, కుదరకపోతే ఇంకో ఊహ. ఊహ తప్పినా నష్టం లేదు, రుజువు రాదు, అంతే. పైగా లెక్కలో పొగా మంచా అన్న పేచీ లేదు, త్రిభుజం త్రిభుజమే. అదే ఏడాది జులైలో వాళ్ళవే ఆల్ఫాప్రూఫ్, ఆల్ఫాజ్యామెట్రీ 2 అనే ప్రోగ్రామ్‌లు కలిసి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కల్లో వెండి పతకం స్థాయికి, 42కి 28 మార్కులకు చేరినప్పుడు, మామూలు భాషలో ఉన్న లెక్కలను కంప్యూటర్ తర్కానికి అర్థమయ్యే భాషలోకి మనుషులే మార్చి ఇచ్చారు. అతుకు కుట్టింది మనుషులు. మీ బదులు బిల్లులు కట్టే ఏజెంటుకు ఆ సౌకర్యం ఉండదు, "కిందటి నెల లాగే కట్టెయ్" అన్న మాటను రూల్‌గా మార్చేది కూడా ఊహించే నెట్‌వర్కే.

పేరు తెలియకపోయినా

మన రోడ్ల విషయంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు భాగస్వాములై 2018లో తెచ్చిన, నెట్‌వర్క్‌లకు నేర్పడానికి పనికొచ్చే ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అనే చిత్రాల సేకరణలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. హైదరాబాద్, బెంగళూరు పరిసరాల్లో తీసిన పదివేల చిత్రాలు, 34 రకాల పేర్లు, ఆటోకు ప్రత్యేకంగా ఒక పేరు. ఆ పేర్లను మెట్లు మెట్లుగా అమర్చారు. కచ్చితంగా ఏ రకమో తేలకపోతే ఒక మెట్టు పైకెక్కి "వాహనం" అనో "ప్రాణి" అనో చెప్పొచ్చు. రోడ్డు పక్కన మట్టి నేల ఉంటుంది చూడండి, రోడ్డు కాదు గానీ అవసరమైతే బండి దిగొచ్చు, దానికి కూడా విడిగా ఒక పేరు పెట్టారు. తర్కానికి చాలాసార్లు పై మెట్టు చాలు. ఎదురుగా ఉన్నది గేదెనా, దూడనా, సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్న మనిషా అన్నది తేలకపోయినా, కదులుతున్నది ఏదో దారిలోకి వస్తోందని తెలిస్తే ఆగడానికి అది సరిపోతుంది.

టెంపీ తర్వాత ఊబర్ చేసిన మార్పులు కూడా ఇలాంటివే. పేరు మారినా పాత కదలికల లెక్క పోకుండా ఉంచారు, క్రాసింగ్ లేని చోట కూడా మనుషులు దాటొచ్చని చేర్చారు, ఆ ఒక సెకను ఆగే రూల్ తీసేశారు. ఆ రాత్రి సెన్సార్లు పట్టిన డేటానే మార్చిన సాఫ్ట్‌వేర్‌కు సిమ్యులేషన్‌లో ఇస్తే, గుద్దిన సమయానికి 4 సెకన్ల కంటే ముందే బ్రేక్ పడింది.